తీర్పులోని ఏండ్లు, జైలులోని ఏండ్లు

పార్కు టౌనునందును, షావుకారుపేటయందును తరతరములుగా వ్యాపారము చేసికొనుచున్న మన తెలుగు కుటుంబములకు పాత సెంట్రలు జైలు గోడ చిరపరిచితమైనది. సెంట్రలు స్టేషను సమీపమున 1837 వ సంవత్సరమున వెలసిన ఆ కారాగారమునుండి 2006 లో ఖైదీలను పుళల్ గ్రామమునకు తరలించిరి. 2009 లో గోడలను కూల్చివేసిరి. నేడు ఆ స్థలమున వైద్యకళాశాల భవనములు లేచినవి. అయినను ఆ జైలు వాకిట నాడు వినవచ్చిన రెండు ప్రశ్నలు నేడు పుళల్ వాకిటను వినవచ్చుచునే యున్నవి. మొదటిది, "ఎన్నేండ్లు వేసిరి?" అనునది. రెండవది, "ఎప్పుడు వచ్చును?" అనునది. ఈ రెండు ప్రశ్నలకును సమాధానము ఒక్కటే కావలెను గదా యని లోకమునెరుగని బాలుడు తలచును. లోకమునెరిగినవాడు నవ్వును. తీర్పులో వ్రాసిన ఏండ్లు వేరు, జైలులో గడచు ఏండ్లు వేరు. ఈ రెంటికిని నడుమ నున్న అంతరమును గూర్చి ఈ వారము పాఠకులతో ముచ్చటింపదలచితిమి.

ఇది న్యాయవాదుల విషయము, మనకేల యని కొందరు సభ్యులు అనవచ్చును. మన మాట మాటలాడిన ఒక ఉద్యోగి చరిత్రతో ఈ విషయము ముడివడియున్నది గావున, దానితోనే ప్రారంభింతుము.

మహబూబ్‌నగరు జిల్లాలో నిరుపేద దళిత కుటుంబమున జన్మించి, కష్టపడి చదివి, 1985 లో ఐ.ఏ.ఎస్. ఉద్యోగమునకు ఎన్నికయిన జి. కృష్ణయ్యగారు బీహారు రాష్ట్రమునకు నియమింపబడిరి. 1994 వ సంవత్సరమున ఆయన గోపాల్‌గంజ్ జిల్లా మేజిస్ట్రేటుగా నుండిరి. ఆ సంవత్సరము డిసెంబరు 5 వ తేదీన అధికారకార్యము ముగించుకొని తిరిగివచ్చుచుండగా ముజఫర్‌పూరు సమీపమున రహదారిపై ఒక శవయాత్రలోని మూక ఆయన కారును అడ్డగించి ఆయనను చంపివేసెను. ముందటి దినమున హతుడైన వేరొకని విషయమై రగిలిన కోపమునకు, ఆ హత్యతో ఏ సంబంధమును లేని ఈ అధికారి బలియయ్యెను. మూకను రెచ్చగొట్టెనను నేరముపై ఆనందమోహన్ అను రాజకీయ నాయకునకు 2007 లో సెషన్సు న్యాయస్థానము మరణశిక్ష విధించెను. 2008 లో పాట్నా హైకోర్టు దానిని యావజ్జీవ కారాగారముగా మార్చెను. 2012 లో సుప్రీం కోర్టు ఆ యావజ్జీవమును ఖాయపరచెను.

ఇంతవరకును తీర్పు చరిత్ర. ఇక జైలు చరిత్ర వినుడు. కర్తవ్యనిర్వహణలో నున్న ప్రభుత్వోద్యోగిని చంపినవానికి ముందస్తు విడుదల పొందు అర్హత లేదని బీహారు జైలు నిబంధనలలో ఒక వాక్యముండెను. 2023 ఏప్రిల్ 10 వ తేదీన ఆ ప్రభుత్వము ఆ నిబంధనలోని ఆ కొద్ది మాటలను తొలగించెను. అదే నెల 27 వ తేదీన ఆనందమోహన్ జైలు వెలుపలికి వచ్చెను. ఆయనతోపాటు విడుదల ఉత్తరువు పొందినవారు మరి 26 మంది. కృష్ణయ్యగారి సతీమణి హైదరాబాదునుండి సుప్రీం కోర్టును ఆశ్రయింపవలసివచ్చెను. భర్తను చంపిన నేరమున శిక్షింపబడినవానికి ఇంటికి మార్గము సిద్ధము చేయుచున్న సమయమున, ఆమె అభిప్రాయ మడుగవలెనని బీహారు ప్రభుత్వమునకు తోచలేదు.

పరరాష్ట్రమున ప్రజలకు సేవచేయబోయిన తెలుగువానికి జరిగిన ఈ గతి, పరరాష్ట్రమున స్థిరపడిన తెలుగువారమైన మనకు మనసున నాటకుండునా? అయినను కోపముతో వ్రాయుట మా ఉద్దేశము కాదు. కోపము తీర్పు చెప్పజాలదు. అసలు శిక్ష యనగా నేమి, దానిని తగ్గించు అధికారమెవరిది, ఆ అధికారమునకు కొలత యేది యను సంగతులను శాంతముగ విచారింతము.

యావజ్జీవ శిక్ష యనగా 14 ఏండ్లని మన వీధులలో చాలమంది నమ్మిక. కొందరు 20 ఏండ్లందురు. ఈ రెండును పొరబాటులే. 1860 నాటి శిక్షాస్మృతిలో యావజ్జీవమును 20 ఏండ్లతో సమానముగ లెక్కించవలెనని యొక సెక్షను గలదు. అది శిక్షలో భాగములను లెక్కకట్టుటకు మాత్రమే. 2024 జూలై 1 వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోను ఆ లెక్కయే నిలిచినది. మహాత్ముని హత్యకేసులో యావజ్జీవ శిక్ష పొందిన గోపాల్ గాడ్సే తనకు దొరకిన తగ్గింపులు కలుపుకొని 20 ఏండ్లు నిండినవని వాదించినప్పుడు, యావజ్జీవమనగా ఖైదీ సహజముగ జీవించు తుది దినమువరకే యని సుప్రీం కోర్టు 1961 లో స్పష్టపరచెను. ప్రభుత్వము తగ్గించిననే తప్ప అది తానై తరుగదు.

మరి 14 ఏండ్ల మాట యెట్లు పుట్టినది? 1978 లో క్రిమినల్ ప్రొసీజర్ కోడునకు 433-ఏ అను సెక్షనును చేర్చిరి. మరణశిక్షకు తగిన నేరమున యావజ్జీవము పొందినవాడు, మరణశిక్ష యావజ్జీవముగ మారినవాడును, తక్కువ పక్షము 14 ఏండ్లు నిజముగా జైలులో గడపనిదే విడుదలకు అర్హుడు కాడని దాని తాత్పర్యము. నేటి నాగరిక సురక్షా సంహితలో ఇది 475 వ సెక్షను. కావున 14 ఏండ్లు శిక్షకు ముగింపు కాదు, విన్నపమునకు ప్రారంభము. ఈ తేడాను తెలియకనే మన పత్రికలు "14 ఏండ్ల యావజ్జీవము" అని వ్రాయుచున్నవి.

అయితే ఈ సెక్షనును దాటిపోవు ద్వార మొకటి రాజ్యాంగములోనే యున్నది. 72 వ అధికరణము క్రింద రాష్ట్రపతికిని, 161 వ అధికరణము క్రింద గవర్నరునకును క్షమించుటకు, శిక్ష తగ్గించుటకు అధికారము గలదు. మారూరాం కేసులో 1980 లో సుప్రీం కోర్టు 433-ఏ సెక్షను చెల్లునని చెప్పుచు, ఆ సెక్షను ఈ రాజ్యాంగాధికారములను కట్టిపడవేయజాలదనియు, గవర్నరు మంత్రివర్గ సలహాననుసరించియే నడువవలెననియు చెప్పెను. ఇందలి భావమేమనగా, క్షమాభిక్ష గవర్నరు చేతి సంతకముతో వెలువడినను, దానిని తూచు తక్కెడ మంత్రివర్గము చేతిలో నున్నది.

ఆ తక్కెడ మన తమిళనాటనే ఎట్లెట్లు ఊగినదో చూడుడు. 2008 సెప్టెంబరు 15 వ తేదీన అణ్ణాదురైగారి శతజయంతి సందర్భమున ఏడేండ్లు నిండిన యావజ్జీవ ఖైదీలను 1,405 మందిని విడుదల చేసిరి. 2018 లో ఎం.జి. రామచంద్రన్‌గారి శతజయంతి సందర్భమున పదియేండ్లు నిండినవారిని విడిచిరి. 2000 ఫిబ్రవరి 2 వ తేదీన ధర్మపురివద్ద రాజకీయ పక్షమువారు బస్సునకు నిప్పు పెట్టగా వ్యవసాయ విశ్వవిద్యాలయ విద్యార్థినులు ముగ్గురు సజీవదహనమైన సంగతి ఈ నగరమున ఎవరును మరువలేదు. ఆ కేసులో మొదట మరణశిక్షయు, 2016 లో సుప్రీం కోర్టు తగ్గింపుచే యావజ్జీవమును పొందిన ముగ్గురును 2018 నవంబరులో ఆ శతజయంతి జాబితాలోనే వెలుపలికి వచ్చిరి. బిడ్డలను పోగొట్టుకొన్న ఆ తలిదండ్రులకు ఎవరి జయంతి పేరు చెప్పి ఓదార్పు చేయగలము?

మరియొక వంక, రాజీవ్ గాంధీ హత్యకేసులో 1991 జూన్‌లో 19 ఏండ్ల ప్రాయమున పట్టుబడిన పేరరివాళన్ 2022 మే 18 వ తేదీన సుప్రీం కోర్టు ఉత్తరువుతో విడుదలయ్యెను. దాదాపు 31 సంవత్సరములు. అతనిని విడువవలెనని 2018 సెప్టెంబరులోనే రాష్ట్ర మంత్రివర్గము తీర్మానించి గవర్నరునకు పంపినను, ఆ కాగితము ఏండ్లతరబడి కదలలేదు. ఆ కేసునందలి నేరతీవ్రతను గూర్చి వాదోపవాదములు ఉండవచ్చును. మేము చూపదలచిన దొక్కటే. ఒకే రాష్ట్రమున, ఒకే శిక్షాస్మృతి క్రింద, "యావజ్జీవము" అను ఒకే మాటకు ఒకచోట ఏడేండ్లు, ఒకచోట ముప్పదియొక్క ఏండ్లు అర్థమయ్యెను. సోలయే నాలుగు రెట్లు మారిన బజారులో బియ్యము కొనువా డెవడు?

ఆంధ్రదేశమున జరిగినదియు చెప్పవలెను. కర్నూలు జిల్లా రాజకీయములకు సంబంధించిన హత్యకేసులో పదియేండ్ల శిక్ష పొందిన యొకనికి 2005 లో గవర్నరు మిగిలిన శిక్షను మన్నించిరి. హతుని కుమారుడు సుప్రీం కోర్టునకు వెళ్ళెను. ఏపూరు సుధాకర్ కేసని పేరొందిన ఆ వ్యాజ్యమున 2006 అక్టోబరులో సుప్రీం కోర్టు ఆ మన్నింపును కొట్టివేసెను. క్షమాపణకై పంపిన నివేదికలో ఖైదీ ఫలాన పక్షమునకు మంచి కార్యకర్త యని వ్రాసియుండుటను న్యాయమూర్తులు ఆక్షేపించిరి. కులము, మతము, పక్షాభిమానము అనునవి క్షమాభిక్షకు కారణములు కారాదని శాసించిరి. పదునెనిమిది సంవత్సరములలోపుగానే గుజరాతునందు అట్టిదే మరియొకటి జరిగెను. బిల్కిస్ బానో కేసులో 11 మందిని 2022 స్వాతంత్ర్యదినమున విడువగా, ఆ విడుదల చేయు అధికారమే ఆ ప్రభుత్వమునకు లేదని 2024 జనవరి 8 న సుప్రీం కోర్టు తీర్పుచెప్పి వారిని మరల జైలునకు పంపెను.

ఇవన్నియు చదివి, శిక్ష తగ్గించుటయే పాపమని పాఠకులు తలపోయరాదు. మేము వ్యాపారులము. తరుగు లేని వ్యాపారము లేదు. మూటను కాటామీద పెట్టినప్పుడు గోనెసంచి బరువు తీసివేయుట న్యాయమే. తేమకు, దుమ్మునకు ఇంతయని తరుగు తీయుటయు న్యాయమే. కాని ఆ తరుగు ముందే తెలిసియుండవలెను. రైతునకును, కొనువానికిని వినబడునట్లు చెప్పవలెను. బంధువు మూటకొక తరుగు, పరాయివాని మూటకొక తరుగు అనినచో అది తరుగు కాదు, దొంగతనము.

జైలులోని తరుగునకును న్యాయమైన కారణములున్నవి. మంచి నడవడితో నుండి, అప్పగించిన పనిచేసిన ఖైదీకి నెలకిన్ని దినములు శిక్షలో తగ్గించుట 1894 నాటి జైళ్ళ చట్టము కాలమునుండియు వచ్చుచున్నది. ఏ ఆశయులేని మనుజుని కాపలా కాయుట జైలు వార్డరునకును ప్రమాదమే. తగ్గింపు ఆశ ఖైదీకి చదువు నేర్పును, మగ్గము నేర్పును. అరవై దాటిన రోగిని ఇంకను బంధించుటవలన సంఘమునకు కలుగు రక్షణయు లేదు. 2000 వ సంవత్సరమున లక్ష్మణ్ నస్కర్ కేసులో సుప్రీం కోర్టు విడుదలకు ముందు చూడవలసిన సంగతులను చెప్పియున్నది. నేరము సంఘమునంతటిని బాధించునదా, మరల చేయు అవకాశమున్నదా, నేరము చేయు శక్తి వానిలో ఉడిగినదా, ఇంకను ఉంచుటవలన ప్రయోజనమేమి, కుటుంబపు స్థితి యెట్టిది యనునవి యవి. ఇంతకంటె మంచి తూకపురాళ్ళు అక్కరలేదు. వానిని వాడుటయే కావలసినది.

మన పూర్వులను తలచుకొనినను ఇదే తెలియును. 1908 లో తూత్తుకుడి నాయకుడు వి.ఓ. చిదంబరం పిళ్ళెగారికి దొరతనమువారి జడ్జి రెండు యావజ్జీవ ద్వీపాంతరవాసములు విధింపగా, పైకోర్టులో అది ఆరేండ్లయ్యెను. ఆయన 1912 లో విడుదలయ్యెను. అదే 1908 లో "స్వరాజ్య" పత్రికలోని వ్యాసమునకుగాను మన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మూడేండ్ల కఠినశిక్షకు గురియై వేలూరు జైలులో నానాబాధలు పడిరి. అధిక శిక్షను తగ్గించు మార్గము లేనిచో మంచివారికే మొదట హాని. 1993 లో చిలకలూరిపేట బస్సు దహనమున 23 మంది మరణించిన కేసులో ఇద్దరు నిరుపేద దళిత యువకులకు విధించిన మరణశిక్షను, దేశమునలుమూలలనుండి వెళ్ళిన విన్నపముల పిమ్మట, 1998 లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్‌గారు యావజ్జీవముగ మార్చిరి. ఆ దయను మేము తప్పుపట్టము. దయ దయగానే యుండవలెను, బేరము కారాదు. ఇదియే మా మతము.

అంతరమునకు మరియొక కారణము మన అజ్ఞానము. ఒక నేరమునకు పదియు, ఒక నేరమునకు ఏడును, ఒక నేరమునకు ఐదును వేసిరని చదివి మనము 22 ఏండ్లని కూడుదుము. అవి యేకకాలమున నడువవలెనని తీర్పులో నుండినచో పదియేండ్లతోనే ముగియును. యావజ్జీవములు రెండు మూడు విధించినను అవి యొకదాని తరువాత నొకటి నడువజాలవని, మన రాష్ట్రమునుండియే వెళ్ళిన ముత్తురామలింగం కేసులో 2016 లో సుప్రీం కోర్టు చెప్పెను. మనుజునకు జీవితము ఒక్కటే గదా! విచారణకాలమున జైలులో గడపిన దినములను శిక్షలో మినహాయించు పద్ధతియు 1973 నాటి కోడుతో వచ్చినది. మరణశిక్షకును, 14 ఏండ్లకును నడుమ చాల ఖాళీ యున్నదని గ్రహించి, 20 ఏండ్లు, 30 ఏండ్లు, లేక జీవితాంతము తగ్గింపు లేకుండ నుంచవలెనని విధించు పద్ధతిని సుప్రీం కోర్టు 2008 లో స్వామి శ్రద్ధానంద కేసులో ఏర్పరచెను. 2015 లో రాజ్యాంగ ధర్మాసనము దానిని అంగీకరించెను. అట్టి తీర్పులయందు మాత్రము వ్రాసినదియు గడచునదియు నొక్కటియే.

ఈ తంటా మనకొక్కరికే కాదు. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వము 1984 నాటి చట్టముతో పెరోలును తీసివేసి, విధించిన శిక్షలో అధికభాగమును అనుభవింపవలసినదే యని నియమించెను. ఫలితముగా జైళ్ళు క్రిక్కిరిసినవి. ఇంగ్లండునందు జైళ్ళలో చోటు చాలక, 2024 సెప్టెంబరునుండి పెక్కు శిక్షలలో నూటికి 40 వంతులు గడచినంతనే విడువసాగిరి. నార్వేలో సాధారణముగా గరిష్ఠశిక్ష 21 ఏండ్లే. ఒక్కొక్క దేశము ఒక్కొక్క కొలత పెట్టుకొన్నది. కాని శిక్షపడిన దినముననే ఇంచుమించుగ ఎంతకాలమో ఇరుపక్షములకును తెలియుట ఆ దేశములలో గలదు. మనకు కొరవడినది ఆ తెలివిడియే.

ఇక ఈ నాణెమునకు రెండవ ముఖమును చూపక విడిచినచో మా వ్రాత కపటమగును. శిక్షపడియు అనుభవింపని బలవంతుని గూర్చి ఇంతసేపు చెప్పితిమి. శిక్షయే పడకుండ అనుభవించు బలహీనుని మాటయేమి? 2022 సంవత్సరాంతపు ప్రభుత్వ లెక్కల ప్రకారము దేశమందలి జైళ్ళలో 5,73,220 మంది యుండిరి. వారిలో 4,34,302 మంది విచారణలోని ఖైదీలు. అనగా నలుగురిలో ముగ్గురికి తీర్పే రాలేదు. 1979 లో హుస్సైనారా ఖాతూన్ కేసులో, తమ నేరమునకు చట్టములో నున్న గరిష్ఠశిక్షకంటెను ఎక్కువకాలము విచారణ లేకయే బీహారు జైళ్ళలో మ్రగ్గుచున్నవారిని చూచి సుప్రీం కోర్టు నివ్వెరపోయి, వారిని విడిపించెను. అటుపిమ్మట వచ్చిన సవరణలవలన నేడు గరిష్ఠశిక్షలో సగకాలము గడపినవానిని, మొదటిసారి నేరమారోపింపబడినవాడైనచో మూడవవంతు గడపినవానిని, జామీనుపై విడువవలెనని చట్టమున్నది. మరణశిక్షకు, యావజ్జీవమునకు తగిన నేరములకు ఇది వర్తింపదు.

ఇచ్చట ఈ పంక్తులు వ్రాయువాడు తన తప్పిదమునొకదానిని చెప్పుకొనవలసియున్నది. ఎనిమిది సంవత్సరముల క్రిందట శ్రీకాకుళ ప్రాంతమునుండి వచ్చి ఈ నగరమున మూటలు మోయుచుండిన యొక కూలివానిని సరకు దొంగతనపు కేసులో పట్టుకొనిరి. కోర్టు జామీను మంజూరు చేసెను. కాని స్థానికులగు పూచీదారు లిరువురు కావలెననెను. అతని భార్య కాగితము చేతపట్టుకొని దుకాణమునకు వచ్చి, "బాబూ, ఊరుగాని ఊరు. మా మాట తెలిసినోళ్లు మీరే" అనెను. "ఇంటిలో అడిగి చెప్పెదనమ్మా" అని పంపివేసితిని. ఇంటిలో అడుగలేదు. కోర్టు కాగితములలో దుకాణము పేరెక్కునేమో యను భయము. ఆమె మరి రెండు మారులు వచ్చి, పిమ్మట రాలేదు.

పదునొకండు నెలల తరువాత తీర్పు వచ్చెను. ఆరునెలల శిక్ష. అప్పటికే పదునొకండు నెలలు జైలులో నుండినందున ఆ సాయంకాలమే విడిచిరి. వారమునకతడు దుకాణమెదుట నిలిచి, నిష్ఠురమేమియు లేకయే, "శిక్ష పడిన రోజే ఇంటికొచ్చేసినాను బాబూ. పడకముందే తినేసినాను శిక్షంతాను" అని నవ్వెను. అధికముగ తిన్న ఆ ఐదునెలలను ఏ పద్దులో వ్రాయవలెనో నేటికిని నాకు తెలియదు. సర్కారు పద్దులో కొంత వ్రాయవచ్చును. నా పద్దులోను కొంత వ్రాసికొనవలెను. ఒక్క సంతకముతో తీరు బాకీని నేను తీర్చలేదు. అధికారముగలవానికి నిబంధనలోని మాటలను తుడిచివేయు ప్రభుత్వముండెను. ఈ పేదవానికి సంతకము చేయు తెలుగువాడు దొరకలేదు. మొదటి అన్యాయమును గూర్చి వ్రాయు చేతికి రెండవదానిని దాచు అధికారము లేదు.

కావున మా అభిప్రాయములను క్లుప్తముగ నివేదింతుము.

శిక్ష విధించు దినముననే న్యాయమూర్తి, ఖైదీకిని ఫిర్యాది పక్షమునకును అర్థమగు భాషలో, మొత్తము శిక్ష యెంత, మినహాయింపు ఎంత, ముందస్తు విడుదలకు విన్నపము చేసికొనదగిన మొదటి తేదీ యేది యను మూడు సంగతులను చదివి, వ్రాతమూలకముగ నీయవలెను. దీనికి ఖర్చు ఒక కాగితము.

విడుదలలను నాయకుల జయంతులకు ముడివేయుట మానవలెను. ఖైదీకి అర్హత కలిగిన దినమే అతని దినము. ప్రభుత్వమునకు విడుదల విధానమున్నచోట, దరఖాస్తుకై కాచుకొనక, అర్హులందరి సంగతిని తానై పరిశీలింపవలెననియు, కాదన్నచో కారణము చెప్పవలెననియు 2025 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఆదేశించియున్నది. ఆ ఆదేశము నిజముగ అమలయినచో పలుకుబడి లేనివానికిని వంతు వచ్చును.

ఒక నిబంధనను సడలించినచో, సడలింపునకు కారణమును శాసనసభలో చెప్పవలెను. విడుదలకు ముందు హతుని కుటుంబమునకు వారి భాషలో నోటీసు పంపి, వారి మాట వినవలెను. వారికి నిరాకరించు హక్కు ఇమ్మని మేమనుట లేదు. శిక్ష పగతీర్చుకొనుట కాదు గావున ఆ హక్కు వారికుండరాదు. కాని విను బాధ్యత ప్రభుత్వమునకుండవలెను. పత్రికలలో చూచి తెలిసికొనుగతి మరియొక ఇల్లాలికి పట్టకుండుగాక.

ఇవి సర్కారువారు చేయవలసినవి. మనము చేయదగినవియు లేకపోలేదు. జైలులోనున్న ప్రతివానికిని, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఉచిత న్యాయసహాయము పొందు హక్కు 1987 నాటి చట్టముచే గలదు. జామీను మంజూరై ఏడుదినములైనను విడుదల కానివాని సంగతిని జైలు అధికారి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయవలెనని 2023 జనవరిలో సుప్రీం కోర్టు చెప్పెను. పేద ఖైదీల జామీను సొమ్మునకై 40,000 రూపాయలవరకు ఇచ్చు కేంద్ర పథకమును అదే సంవత్సరమున వచ్చెను. కాని తమిళము రాని తెలుగు కూలివానికి ఈ సంగతులు చెప్పువారెవరు? సాక్ష్యమును ముద్దాయికి అర్థమగు భాషలో వినిపింపవలెనని చట్టమున నున్నది. ఆ మాట అడుగవలెనని అతనికి తెలియదు. ఈ నగరమున నాలుగైదు తరములుగా పాతుకొనిపోయి, రెండు భాషలను ఇంటి మాటలుగా వాడుకొను మనకంటె ఈ పనికి తగినవారు లేరు.

మన సంఘ కార్యాలయమున ఒక పుస్తకము తెరువవలెనని మేము కార్యవర్గమునకు సూచించుచున్నాము. అందులో రెండు జాబితాలుండును. మొదటిది, చిన్న నేరములలో జామీను మంజూరై పూచీదారులు లేక నిలిచిపోయిన తెలుగువారికి, న్యాయవాది పరిశీలించి తగునన్న మీదట, పూచీ నిలువగల సభ్యుల పేర్లు. రెండవది, కోర్టునకును పుళల్‌కును వెళ్ళి, తమిళములోని కాగితమును తెలుగున చదివి చెప్పగల యువకుల పేర్లు. నేరము చేసినవానిని కాపాడుమని ఎవరిని కోరము. నేరము చేసినవాడు తన శిక్షననుభవింపవలసినదే. దానికి దమ్మిడీ తక్కువయు వలదు, ఎక్కువయు వలదు.

మొదటి జాబితాలో మొదటి పేరుగా ఈ సంపాదకీయము వ్రాసినవాని పేరు వ్రాసికొనవలెనని కోరుచున్నాము. ఎనిమిదేండ్లు ఆలస్యమైన సంతకమది.